పర్యావరణ అనుమతుల మీద కోర్టుకు వెళ్లాలంటే: ఒడిశా సరిహద్దు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపుల నుంచి వచ్చే సందేహాలు చాలావరకు అవే. గొడవ క్వారీ మీద కావచ్చు, ఇసుక రీచ్ మీద కావచ్చు, బాక్సైట్ గని మీద కావచ్చు. ఎక్కడికి వెళ్లాలి, ఎంత అవుతుంది, ఇంకా టైం ఉందా అనే అడుగుతారు. మనకు ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్లో ఇంగ్లీషు. సగం ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఏ ప్రశ్న దగ్గర తెరిచినా అర్థమయ్యేలా రాశాం కాబట్టి కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఇది సాధారణ సమాచారం మాత్రమే. మీ కాగితాలు చూసిన వకీలు వేరేలా చెబితే ఆయన మాటే వినండి.

## ఫైలు ఇంకా ఆఫీసుల్లో ఉండగా

ప్రజాభిప్రాయ సేకరణ ఉందని మాకు చివరి రోజు దాకా తెలియలేదు. ముందే తెలుసుకునే దారి ఉందా?

ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేయాలి. మన జిల్లాల్లో ప్రాంతీయ భాష అంటే ఒడియానే. తెలుగు పేపరు మాత్రమే వేయించుకునే ఇంట్లో ఆ ప్రకటన కనపడదు. ఊళ్లో ఎవరో ఒకరు ఒడియా పేపరు చూసే ఏర్పాటు చేసుకోండి, ఒడిశా పొల్యూషన్ బోర్డు వెబ్‌సైట్ కూడా అప్పుడప్పుడూ చూస్తూ ఉండమనండి. ప్రాజెక్టు ప్రభావ అంచనా ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీ లేదా మున్సిపాలిటీలో ఉంచాలి. అడిగితే చూపించాల్సిందే. లేదన్నారంటే, లేదన్న విషయాన్నే ఒక కాగితం మీద రాసిచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. నోటీసు 30 రోజుల కంటే తక్కువ ఉన్నా అదే పని చేయండి. తర్వాత కోర్టులో అక్కరకొచ్చేది ఆ ముద్రే.

చిన్న క్వారీల్లాంటి కొన్ని రకాల ప్రాజెక్టులకు అసలు ప్రజాభిప్రాయ సేకరణే ఉండదు. సభ జరగలేదు కాబట్టి అనుమతి చెల్లదు అనుకోకండి.

సభ అంతా ఒడియాలో నడుస్తుంది. నేను తెలుగులో మాట్లాడితే రాసుకుంటారా?

మాట్లాడొద్దనే హక్కు ఎవరికీ లేదు. సభకు కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. జనం చెప్పిన అభ్యంతరాల సారాంశాన్ని సభ చివర స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు సంతకం చేయాలి.

కాకపోతే తెలుగులో పది నిమిషాలు మాట్లాడిన మాట ఆ సారాంశంలో ఒక్క ముక్కగా మిగలొచ్చు, లేదా పూర్తిగా పోవచ్చు. అందుకని నోటితో తెలుగులో చెప్పండి, అదే విషయం ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాసి చేతికివ్వండి. చదివి వినిపించేటప్పుడు జనం అప్పటికే టెంట్ దాటి వెళ్లిపోతుంటారు. మీరు మాత్రం కదలకండి. మీ అభ్యంతరం రాలేదంటే అక్కడే లేచి చెప్పండి, వీడియోలో పడుతుంది.

సభను బహిష్కరించాలా అని కొందరు అడుగుతారు. అది ఊరి నిర్ణయం. ఈ సభకు కోరం అంటూ లేదు, ఎవరూ రాకపోయినా జరిగినట్టే లెక్క. బహిష్కరించినా సరే, రాతపూర్వక అభ్యంతరం మాత్రం పొల్యూషన్ బోర్డుకు పంపండి.

మా పల్లీ సభ (ఒడిశాలో ఊరి స్థాయి గ్రామ సభ) వద్దని తీర్మానం చేసింది. అయినా కోర్టుకు వెళ్లాలా?

బాక్సైట్ గని వద్దని ఆదివాసులు పోరాడిన నియమగిరి కొండ గుర్తొచ్చే చాలామంది ఇది అడుగుతారు. అక్కడ ఏం జరిగిందో కాస్త వివరంగా చూడాలి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత, సామూహిక హక్కుల మీదా, కొండతో ముడిపడిన మతపరమైన హక్కుల మీదా గ్రామ సభలే చర్చించి చెప్పాలని ఆదేశించింది. రాయగడ జిల్లాలో 7, కాలాహండిలో 5, మొత్తం 12 ఊళ్లలో జిల్లా జడ్జి స్థాయి అధికారి సమక్షంలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ గని అనుమతిని తిరస్కరించింది. అక్కడి ఆదివాసులు డోంగ్రియా కోందుల మాట నిలబడింది నిజమే. కానీ దాని వెనక కోర్టు ఉత్తర్వు ఉంది, అటవీ హక్కుల చట్టం ఉంది, జడ్జి ముందు రికార్డయిన సభలు ఉన్నాయి. కాగితం మీద తీర్మానం ఒక్కటే ఉంటే దాన్ని పక్కన పెట్టి అనుమతి ఇచ్చేయవచ్చు. అప్పుడు మీరు వెళ్లాల్సింది కోర్టుకే.

ఊరు ఎక్కడుందన్నది కూడా ముఖ్యం. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. గజపతిలో ఆర్.ఉదయగిరి తహసీల్, గుమ్మా బ్లాకు, రాయగడ బ్లాకు మాత్రమే. (ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు. పిటిషన్‌లో చిరునామా రాసేటప్పుడు ఇక్కడ తికమక పడేవాళ్లు ఎక్కువ.) అటవీ హక్కుల కింద జరిగే సభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. కోరం లేని సభ అవునన్నా కాదన్నా పడిపోతుంది.

తీర్మానంలో మా సంతకాలు ఉన్నాయట. మేం పెట్టలేదు.

ముందు ఆ తీర్మానం సర్టిఫైడ్ కాపీ సమాచార హక్కు కింద తెప్పించండి. సంతకం తమది కాదన్నవాళ్లు ఒక్కొక్కరూ విడిగా అఫిడవిట్ ఇవ్వాలి. అందరి తరఫున ఒకరు చెబితే బలం ఉండదు. చనిపోయినవాళ్ల పేర్లు, ఆ రోజు ఊళ్లో లేనివాళ్ల పేర్లు దొరికితే మరణ ధ్రువపత్రం, పని చేసిన చోట హాజరు కాగితం జోడించండి. పోలీసులకు, కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆ విచారణ తేలేదాకా కోర్టుకు వెళ్లకుండా ఆగొద్దు.

సమాచార హక్కు దరఖాస్తు ఆంధ్రలోలాగా తెల్ల కాగితం మీద రాసిస్తే సరిపోదా?

రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులకు సరిపోదు. ఒడిశా నిబంధనల్లో ఫారం ‘ఎ’ ఉంది, గుర్తింపు కాగితం కూడా అడుగుతారు. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు. దీన్లో ఒక ప్రమాదం ఉంది. అనుమతి మీద అప్పీలు వేయడానికి కూడా మామూలు గడువు 30 రోజులే. ఆ జవాబు కోసం కూర్చుంటే ఈ గడువు దాటిపోతుంది.

## అనుమతి వచ్చాక: గడువు, కోర్టు

అనుమతి వచ్చిందని మాకు ఆలస్యంగా తెలిసింది. ఎన్ని రోజులు ఉంటాయి?

పర్యావరణ అనుమతి మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు వేయాలంటే, ఆ ఉత్తర్వు తెలియజేసిన రోజు నుంచి 30 రోజులు. తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ మరో 60 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. మొత్తం 90. ఆ తర్వాత ఒక్క రోజు ఆలస్యమైనా మన్నించే అధికారం దానికి లేదు. కారణం ఎంత న్యాయమైనదైనా అంతే.

తెలియజేసిన రోజు అంటే మీ చెవిన పడిన రోజు కాదు. అనుమతిని మంత్రిత్వ శాఖ పరివేష్ పోర్టల్లో (అనుమతుల వెబ్‌సైట్) పెడుతుంది. కంపెనీ ఏడు రోజుల్లోపు స్థానికంగా రెండు పత్రికల్లో ప్రకటన వేయాలి. పంచాయతీకి కాపీ పంపాలి, పంచాయతీ దాన్ని బోర్డు మీద పెట్టాలి. వీటిలో ఏది ముందు సరిగ్గా జరిగితే లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది. ఉదాహరణకు జూన్ 1న ప్రకటన పడిందంటే జూలై 1కి 30 రోజులు పూర్తి, ఆగస్టు 30కి 90 పూర్తి.

మన వైపు కేసులు పోయేది ఎక్కువగా ఈ గడువు దగ్గరే. అనుమతి వచ్చిందని తెలియగానే జనం కలెక్టర్‌కు అర్జీ ఇస్తారు, ఎమ్మెల్యేని కలుస్తారు, భువనేశ్వర్ వెళ్లి ఇంకో అర్జీ ఇస్తారు. చూస్తాం అంటారు, వీళ్లు నమ్మి ఊరుకుంటారు. ఎన్ని అర్జీలిచ్చినా గడువు ఆగదు. అర్జీ ఇవ్వండి, కాదనం. అదే వారంలో అప్పీలు పని కూడా మొదలుపెట్టండి. ఆలస్యం జరిగితే, అనుమతి కాపీ ఏ రోజు ఎలా చేతికొచ్చిందో రుజువుతో సహా ఆలస్య మాఫీ దరఖాస్తు జతచేయాలి.

మా గొడవ అనుమతి మీద కాదు, క్రషర్ దుమ్ము మీద. దీనికీ 30 రోజులేనా?

కాదు. కాలుష్యం, అనుమతి లేని తవ్వకం, షరతుల ఉల్లంఘన లాంటివాటికి అప్పీలు కాదు, అసలు దరఖాస్తు (ఒరిజినల్ అప్లికేషన్) వేయాలి. గడువు 6 నెలలు, కారణం చూపితే మరో 60 రోజులు. చట్టంలో ‘వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు’ నుంచి అని ఉంది. రోజూ దుమ్ము వస్తోంది కాబట్టి రోజూ కొత్త కారణమే అన్న వాదన కొన్నిసార్లు నెగ్గుతుంది, కొన్నిసార్లు నెగ్గదు. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. జరిగిన నష్టానికి పరిహారం కోరితే మాత్రం గడువు 5 ఏళ్లు.

ఇంకొకటి. అయిదు హెక్టార్లలోపు చిన్న క్వారీకి పర్యావరణ అనుమతి అక్కర్లేదని తహసీల్ ఆఫీసులో ఎవరైనా చెబితే నమ్మకండి. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చిన్న ఖనిజాల లీజులకూ అనుమతి తప్పనిసరి చేసింది. ఇసుకకైనా రాయికైనా ముందు ఆ అనుమతి కాపీ అడగండి.

కోల్‌కతాకా, కటక్‌కా, చెన్నైకా? ఎక్కడ వేయాలి?

ఒడిశాలో పుట్టిన గొడవకు హరిత ట్రిబ్యునల్ తూర్పు బెంచ్, అంటే కోల్‌కతా. ఆంధ్రప్రదేశ్ చెన్నై బెంచ్ కిందికి వస్తుంది కాబట్టి శ్రీకాకుళంలోని వకీళ్లు అలవాటుగా చెన్నై అంటారు, జాగ్రత్త.

ట్రిబ్యునల్ అన్నీ చూడదు. నీరు, గాలి, పర్యావరణ పరిరక్షణ, అటవీ సంరక్షణ, జీవ వైవిధ్యం లాంటి ఏడు చట్టాలే దాని పరిధి. అటవీ హక్కుల చట్టం, వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ జాబితాలో లేవు. మీ అసలు బాధ పోడు పట్టా గురించో, పల్లీ సభ హక్కుల గురించో అయితే కటక్‌లోని ఒడిశా హైకోర్టుకు రిట్ వేయాలి. అక్కడ రోజుల లెక్కన గడువు లేకపోయినా, ఇన్నాళ్లు ఏం చేశారని జడ్జి అడుగుతారు.

ఫ్యాక్టరీ రాయగడ జిల్లాలో, మా పొలం నాగావళి కింద పార్వతీపురం వైపు. మేం ఒడిశావాళ్లం కాదు కదా?

ఫర్వాలేదు. వివాదానికి కారణం పూర్తిగానో కొంతవరకో ఎక్కడ పుట్టిందో అక్కడి బెంచ్‌లో వేయవచ్చని నిబంధన. కాలుష్యం నదిలో కలిపింది ఒడిశాలో, నష్టం ఆంధ్రలో అయితే రెండు చోట్లా కారణం ఉన్నట్టే. నీటి నమూనాలు రెండు వైపులా తీయించి, రెండు రాష్ట్రాల పొల్యూషన్ బోర్డులనూ ప్రతివాదులుగా చేర్చమని వకీలుకు చెప్పండి.

నా పేర అక్కడ సెంటు భూమి లేదు. కేసు వేయవచ్చా?

వేయవచ్చు. ‘బాధితులైన ఏ వ్యక్తి అయినా’, సంఘమైనా అని చట్టం. భూమి పట్టా అర్హత కాదు. కౌలు రైతు, పశువులు మేపుకునేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఆ నీళ్లు తాగేవాళ్లు అందరూ వస్తారు. ఊరితో సంబంధం ఏమిటో మొదటి పేరాల్లోనే స్పష్టంగా రాయండి. పోటీ క్వారీ యజమాని వెనక ఉండి వేయించిన కేసని తేలితే మాత్రం పరువు పోతుంది.

రాయగడ సివిల్ కోర్టులో స్టే తెచ్చుకుంటే పోలా?

కుదరదు. ట్రిబ్యునల్ చూసే విషయాల్లో సివిల్ కోర్టుకు అధికారం లేదు. అయితే రోడ్డు మీద దుమ్ము, చెరువులోకి మురుగు లాంటి ప్రజా ఉపద్రవానికి సబ్-కలెక్టర్ దగ్గర భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద అర్జీ వేయవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133వ సెక్షనే ఇది. ఖర్చు తక్కువ, దూరం తక్కువ. మనవాళ్లు దీన్ని దాదాపు వాడరు.

## కాగితాలు, డబ్బు, వకీలు

ఫీజు లక్షల్లో ఉంటుందా?

ట్రిబ్యునల్ ఫీజు 1,000 రూపాయలు. పరిహారం కోరితే కోరిన మొత్తంలో ఒక శాతం, కనీసం 1,000. దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. అసలు ఖర్చు వకీలుకు, అనువాదాలకు, ల్యాబ్ పరీక్షలకు అవుతుంది.

వకీలు లేకుండా నేనే వాదించుకోవచ్చా?

వాదించుకోవచ్చు. ట్రిబ్యునల్ సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు కట్టుబడి లేదు. దుమ్ము, మురుగు లాంటి సూటి ఫిర్యాదులకు ఇది పనికొస్తుంది. వందల పేజీల నివేదిక మీద అప్పీలైతే వకీలు ఉండటం మంచిదని మా అభిప్రాయం.

డబ్బు లేదు. ఉచిత వకీలు దొరుకుతారా?

ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 1987 న్యాయ సేవల చట్టంలో కోర్టు అంటే ట్రిబ్యునల్ కూడా. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవల సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు అర్హత ఉంది కాబట్టి ఊరి ఆడవాళ్ల పేరు మీదే కేసు వేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆమెకు నిజంగా ఇష్టమై, కేసు ఏమిటో తెలిస్తేనే ఆ పని చేయండి. రేపు ఒత్తిడి వచ్చేది ఆమె మీదే.

మా కాగితాలన్నీ ఒడియా, తెలుగుల్లో ఉన్నాయి.

ట్రిబ్యునల్ భాష ఇంగ్లీషు. వేరే భాషలో ఏ కాగితం ఇచ్చినా సరైన అనువాదం జతచేయాలి. అన్నీ అనువదించబోయి డబ్బు తగలేయకండి. తీర్మానం, సభ సారాంశం, ఫిర్యాదు రసీదులు, పత్రికా ప్రకటన చాలు. తెలుగు మాత్రమే తెలిసినవాళ్ల అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంటే, తెలుగులో చదివి వినిపించి అర్థమయ్యేలా చెప్పామన్న వాక్యం అందులో ఉండాలి.

రుజువు ఏం చూపాలి? మా దగ్గర సైంటిస్టులు లేరు.

తేదీ, లొకేషన్ కనిపించే ఫొటోలు. బోరు నీటి పరీక్ష, వీలైతే గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో. పీహెచ్‌సీ చీటీలు. పంట నష్టం మీద ఇచ్చిన అర్జీలు. ఉపగ్రహ చిత్రాల్లో పాత, కొత్త తేడా. తొలి నోటీసుకు ఇంత చాలు. 1999లో ఏపీ పొల్యూషన్ బోర్డు వర్సెస్ ఎం.వి.నాయుడు కేసులో సుప్రీంకోర్టు, హాని లేదని రుజువు చేసే భారం ఫ్యాక్టరీ పెట్టేవాళ్ల మీదే ఉంటుందని చెప్పింది. అది హైదరాబాద్ జంట జలాశయాల దగ్గర పెట్టబోయిన నూనె పరిశ్రమ గొడవ.

ఒక ఉత్తరం రాస్తే వాళ్లే కేసు తీసుకుంటారట, నిజమేనా?

తీసుకోవచ్చు. తనంతట తాను విచారణ చేపట్టే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్తరాలు, వార్తల మీద కేసులు నడిచాయి. కానీ ఏ ఉత్తరం తీసుకోవాలో వాళ్లిష్టం. గడువున్న అప్పీలుకు ఉత్తరం బదులు కాదు.

## విచారణ నడుస్తుండగా

ప్రతి వాయిదాకీ కోల్‌కతా వెళ్లాలా?

వెళ్లక్కర్లేదు. వీడియో ద్వారా హాజరు కావచ్చు, ఫైలింగ్ కూడా ఆన్‌లైన్‌లో ఉంది. హైకోర్టు విషయానికొస్తే, కోరాపుట్, మల్కన్‌గిరి లాంటి జిల్లాల్లో 2023లో వర్చువల్ హైకోర్టు కేంద్రాలు తెరిచారు. అక్కడి నుంచే కటక్ బెంచ్ ముందు వాదించవచ్చు. లేదంటే రాయగడవాళ్లు విజయనగరం చుట్టి వెళ్లే హీరాఖండ్ రైల్లో రాత్రంతా కూర్చోవాల్సిందే. కొండ ఊళ్లలో సిగ్నల్ టెన్షన్ ఉంటుంది కాబట్టి వాయిదా రోజు బ్లాకు టౌన్‌కు దిగండి.

విచారణ కమిటీలో కలెక్టర్, పొల్యూషన్ బోర్డే ఉన్నారు. దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టు కాదా?

చాలామంది బాధ ఇదే, అందులో నిజం లేకపోలేదు. ట్రిబ్యునల్ ఎక్కువగా ఇలాంటి జాయింట్ కమిటీలనే వేస్తుంది. కమిటీ వచ్చే రోజు క్రషర్ ఆగిపోతుంది, రోడ్డు మీద నీళ్లు చల్లుతారు. తనిఖీ తేదీ ముందే చెప్పమని, మీ సమక్షంలో చేయమని కమిటీకి రాయండి. ఏ ఏ చోట్లు చూడాలో మ్యాప్ గీసి ఇవ్వండి. వాళ్లు చూస్తుండగా మీరూ ఫొటోలు తీయండి. నివేదిక దాఖలయ్యాక దానిమీద పాయింట్ల వారీగా అభ్యంతరం వేయవచ్చు. అది వేయనివాళ్ల కేసు ఆ నివేదికతోనే ముగిసిపోతుంది.

కేసు నడుస్తుండగా చెట్లు కొట్టేస్తున్నారు. ఆపేదెలా?

మధ్యంతర స్టే విడిగా అడగాలి. అసలు పిటిషన్ వేశాం కాబట్టి పని ఆగుతుందనుకోవద్దు. కొట్టిన చెట్టు మళ్లీ రాదు అన్న ఒక్క మాటా ఫొటోలతో, తేదీలతో చెప్పండి.

ఓడిపోతే కంపెనీ నష్టం మా మీద వేస్తారా?

విచారణకు నిలవని, అబద్ధపు లేదా వేధింపు కోసం వేసిన దావా అని తేలితే ఖర్చులు వేయవచ్చు. స్టే వల్ల పోయిన లాభాన్ని కూడా అందులో కలపవచ్చని చట్టంలో ఉంది. కంపెనీ మనుషులు దీన్నే చూపించి భయపెడతారు. మామూలుగా ఓడిపోవడం వేరు, అబద్ధం ఆడటం వేరు. పిటిషన్‌లో తెలియనిది తెలిసినట్టు రాయకండి, చూడనిది చూశామనకండి.

కేసు వెనక్కి తీసుకోమని ఇంటికొచ్చి బెదిరిస్తున్నారు.

తేదీ, టైం, ఏమన్నారు, ఎవరు చూశారు అన్నీ అదే రోజు రాసి పోలీసులకు ఇవ్వండి. తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ కాపీని ట్రిబ్యునల్ ముందు కూడా పెట్టండి. వీలైతే మొదటి నుంచీ ఒక్కరి పేరు మీద కాకుండా నలుగురైదుగురు కలిసి వేయండి.

## ఉత్తర్వు వచ్చాక

ఫ్యాక్టరీకి పర్యావరణ పరిహారం వేశారు. మాకు ఎంత వస్తుంది?

పొల్యూషన్ బోర్డు వసూలు చేసే ఆ డబ్బు మీ చేతికి రాదు. అది పర్యావరణాన్ని బాగుచేయడానికని. మీ పంట, పశువు, ఆరోగ్యానికి జరిగిన నష్టానికి ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ కింద విడిగా కోరాలి, 5 ఏళ్ల లోపు. దీనికి తప్పు ఎవరిదన్నది కూడా రుజువు చేయక్కర్లేని సందర్భాలున్నాయి.

గెలిచాం. క్వారీ మాత్రం నడుస్తూనే ఉంది.

ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకుని కలెక్టర్, తహసీల్దార్, బోర్డు ప్రాంతీయ కార్యాలయాలకు ఇచ్చి ముద్ర వేయించుకోండి. కొన్ని వారాలు చూసి అమలు దరఖాస్తు వేయండి. ట్రిబ్యునల్ ఉత్తర్వును సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేయించవచ్చు. పాటించనివాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, 10 కోట్ల దాకా జరిమానా, కంపెనీకైతే 25 కోట్ల దాకా అని చట్టం.

ఓడిపోయాం. ఇక అంతేనా?

సుప్రీంకోర్టుకు 90 రోజుల్లో అప్పీలు ఉంది, అయితే గట్టి న్యాయపరమైన ప్రశ్న ఉంటేనే. హైకోర్టు రిట్ అధికారం కూడా పోలేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

అనుమతి నిలబడిందంటే దాని షరతులూ నిలబడినట్టే. కంపెనీ ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అది తెప్పించి ఊళ్లో కూర్చుని ఒక్కో షరతూ చదవండి. పచ్చని పట్టీ (గ్రీన్ బెల్ట్) నాటాం అని రాసిన చోట చెట్లు ఉన్నాయా, శుద్ధి చేసే ప్లాంటు తిరుగుతోందా, చూసి తేదీతో ఫొటో తీయండి. ఉల్లంఘన కనపడితే అది కొత్త కారణం, దానికి కొత్తగా 6 నెలల గడువు ఉంటుంది.